నలుపు నారాయణుడు మెచ్చు... కెమెరా మెచ్చదా?

కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు ఇది, మన దివిసీమ. నాగాయలంక నుంచి హంసలదీవి దాకా ఎండ, ఉప్పుగాలి, వరిచేలు, రొయ్యల చెరువులు. నాట్లేసే ఆడవాళ్ళూ, చేపల బుట్టలెత్తే ఆడవాళ్ళూ ఎక్కువమంది నలుపో, చామనచాయో. అదే ఊళ్ళో బడ్డీకొట్టుకి వేలాడే పత్రికల అట్టల మీద మాత్రం ఆ రంగు వెతుక్కోవాలి. న్యూయార్కులోనూ పారిస్‌లోనూ నల్లజాతి ఆడవాళ్ళు చాలాకాలం ఇలాగే వెతుక్కున్నారు. రెండు కథలూ ఒకటి కావు. అక్కడ బానిసత్వం, జాతి చట్టాలు. ఇక్కడ కులం, పెళ్ళి సంబంధాలు. కానీ ఫోటో దిగే చోటికి వచ్చేసరికి ఇద్దరికీ ఎదురైన మనిషి ఒకడే: ఎవరు కనపడాలో, ఏ రంగులో కనపడాలో తేల్చేవాడు. అటూ ఇటూ ఏరి తెచ్చిన విశేషాలు ఇవిగో.

బందరు కుర్రాడి 'కలర్ ఫోటో'

2020 అక్టోబరులో 'ఆహా'లో వచ్చిన 'కలర్ ఫోటో' కథ జరిగేది మచిలీపట్నంలోనే. తొంభైల నాటి ఇంజనీరింగు కాలేజీ. పాలు పోసుకుంటూ చదువుకునే జయకృష్ణ నల్లగా ఉంటాడు. అతను ప్రేమించిన దీప్తి తెల్లగా ఉంటుంది. సుహాస్, చాందిని చౌదరి నటించారు. దర్శకుడు సందీప్ రాజ్. 68వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ఉత్తమ తెలుగు చిత్రం ఇదే. నల్లనివన్నీ నీళ్ళు, తెల్లనివన్నీ పాలు అనుకునే లోకంలో నల్లబ్బాయి చేతికే పాలక్యాను ఇవ్వడం గడుసు ఆలోచన. ఇప్పుడు కథని తిరగేసి చూడండి. అమ్మాయి నలుపు, అబ్బాయి తెలుపు, కాలేజీలో ప్రేమ. అలాంటి పెద్ద హిట్టు పేరొకటి టక్కున చెప్పమంటే తడుముకోవాల్సిందే. మగవాడి నలుపు కథకి హీరోని ఇస్తుంది. ఆడదాని నలుపు ఏమిస్తుందో తెలియాలంటే టీవీ పెట్టాలి.

వంటలక్క రంగు ఎక్కడిది?

2017 నుంచి 2023 దాకా స్టార్ మాలో 'కార్తీక దీపం' వస్తున్న వేళకి దివిసీమలో వంటింటి గిన్నెలు తోమకుండానే ఉండేవి. నల్లగా పుట్టిన దీప, ఆ రంగంటే గిట్టని అత్తగారు సౌందర్య, మధ్యలో డాక్టర్ బాబు. దీపకి 'వంటలక్క' అనే పేరు ఎంత స్థిరపడిందంటే, నటి ప్రేమి విశ్వనాథ్ అసలు పేరు చాలామందికి తెలియదు.

ఈ కథ మలయాళం నుంచి వచ్చింది. అక్కడ 'కరుత్తముత్తు' సీరియల్‌లోనూ తొలి నాయిక ప్రేమి విశ్వనాథే. తర్వాత ఇదే కథ తమిళంలో 'భారతి కణ్ణమ్మ', కన్నడంలో 'ముద్దులక్ష్మి', మరాఠీలో 'రంగ్ మాఝా వేగళా', హిందీలో 'కార్తీక్ పూర్ణిమ' అయింది. ఇన్ని భాషల్లో నడిచిందంటే ఆ కష్టం ఇంటింటికీ తెలిసిందే అన్నమాట.

అసలు విశేషం మేకప్ గదిలో ఉంది. దీప నలుపు చాలావరకు పూసిన నలుపు. తెర మీద దీపకీ, బయట కార్యక్రమాల్లో కనపడే ప్రేమి విశ్వనాథ్‌కీ ఉన్న తేడా చూసి ప్రేక్షకులే ఆశ్చర్యపోయారు. నల్లమ్మాయి కన్నీళ్ళకి అయిదేళ్ళకి పైగా గిరాకీ ఉంది. ఆ పాత్రకి నల్లమ్మాయినే తీసుకుందామన్న ఆలోచన మాత్రం నిర్మాతలకి అవసరం అనిపించలేదు.

పూతనలుపు సినిమాలు

పెద్దతెర మీదా ఇదే పద్ధతి. 'రంగస్థలం' (2018)లో రామలక్ష్మిగా సమంత, 'పుష్ప' (2021)లో శ్రీవల్లిగా రష్మిక, 'దసరా' (2023)లో వెన్నెలగా కీర్తి సురేష్... ముగ్గురికీ సొంత రంగు కన్నా ముదురు మేకప్ వేశారు. హీరోలకీ వేశారు, నిజమే. మన సినిమా భాషలో దీన్ని 'డీ-గ్లామర్ రోల్' అంటారు. పల్లెటూరు, కాయకష్టం, పేదరికం చూపించాలంటే ముందు తీసేది నల్లరంగు డబ్బా. పాట కోసం విదేశానికి వెళ్ళినప్పుడు ఆ డబ్బాని వెంట తీసుకెళ్ళరు.

సైరంధ్రి అసలు రంగు

వ్యాసభారతం ప్రకారం అగ్నిగుండంలోంచి పుట్టిన ద్రౌపది నల్లనిది. ఆమెకున్న పేర్లలో 'కృష్ణ' ఒకటి. స్వయంవరానికి రాజులంతా ఎగబడినదీ, సైరంధ్రి పేరుతో ఉన్నప్పుడు విరాటుడి కొలువులో కీచకుడు మతిపోగొట్టుకున్నదీ ఆ నల్లటి అందం చూసే. 'నర్తనశాల' (1963)లో సావిత్రి ద్రౌపదిగా ఎంత గొప్పగా నటించిందో చెప్పనక్కర్లేదు. కీచకుడు వేసిన ఎస్వీ రంగారావుది అప్పటి మన కృష్ణా జిల్లా నూజివీడు. జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవంలో ఆ పాత్రకి ఉత్తమ నటుడి బహుమతి అందుకున్నాడు. కానీ తెలుగు తెర మీద ఇన్ని భారత కథలొచ్చినా, ద్రౌపదిని నల్లగా చూపించాలని ఎవరూ పట్టుబట్టలేదు.

కృష్ణుడి సంగతి వేరు. గుడివాడ పక్క నిమ్మకూరు నుంచి వెళ్ళిన ఎన్టీఆర్ కృష్ణుడి వేషం కడితే ఒంటికి నీలం పూసేవారు. దేవుడి నలుపు నీలమైంది. ఆయన చెల్లెలులాంటి ద్రౌపది నలుపు తెలుపైంది. నలుపుని నారాయణుడు మెచ్చాడు గానీ, మేకప్‌మ్యాన్ మెచ్చలేదు.

గొంతు ఉంచుకున్నారు

1978లో కె. బాలచందర్ 'మరోచరిత్ర' తీస్తూ గుంటూరు జిల్లా నుంచి వచ్చిన సరితని నాయికగా పెట్టాడు. చామనచాయ, పెద్ద కళ్ళు. సినిమా నలుపు-తెలుపుల్లోనే తీశారు. మద్రాసులో తమిళంలోకి డబ్ కూడా చెయ్యకుండా, తెలుగులోనే ఏడాది దాటి ఆడింది.

మూడేళ్ళకి అదే కథ హిందీలో 'ఏక్ దూజే కే లియే' అయింది. దర్శకుడు ఆయనే, హీరో అదే కమల్ హాసన్. నాయిక మాత్రం రతి అగ్నిహోత్రి. హిందీ కథకి ఉత్తరాది పిల్ల కావాలి కాబట్టి మార్చారని సర్దిచెప్పుకోవచ్చు. అయినా నల్లటి నాయిక బొంబాయి రైలెక్కలేదన్నది ఉన్న మాటే.

దీనికి కొసమెరుపు ఉంది. తర్వాతి రోజుల్లో సరిత పెద్ద డబ్బింగ్ కళాకారిణి అయింది. విజయశాంతికీ సౌందర్యకీ ఎన్నో సినిమాల్లో ఆమే గొంతు. ఎనభైల్లో, తొంభైల్లో తెల్లటి నాయికలు తెర మీద కోప్పడినా, ఏడ్చినా, ప్రేమించినా హాల్లో వినపడింది ఈ చామనచాయ అమ్మాయి గొంతే.

బెజవాడ అర్చన, వరుసగా రెండుసార్లు

జాతీయ ఉత్తమ నటి పురస్కారాన్ని వరుసగా రెండేళ్ళు గెలిచిన నటి విజయవాడలో పుట్టిందని ఎంతమందికి గుర్తుంది? ఆమె అర్చన. అసలు పేరు సుధ. తమిళంలో బాలు మహేంద్ర 'వీడు'కి ఒకసారి, తెలుగులో బి. నర్సింగరావు 'దాసి'కి (1988) మరోసారి. 'దాసి'లో తెలంగాణ గడీలో చాకిరీ చేసే కమలాక్షి ఆమె. ఆ సినిమాలో పెద్దగా మాటలుండవు, మొహమే మాట్లాడుతుంది. రంగు దాచలేదు, పూతలు వెయ్యలేదు. మేకప్ లేకుండా నటించడం అప్పట్లో ఆమె గురించి పత్రికలు రాసిన మొదటి మాట. పురస్కారాలు రెండొచ్చినా సినిమా పత్రికల అట్టలు మాత్రం ఆ రోజుల్లో అందాల తారలకే రిజర్వు.

కొవ్వలి పిల్ల, పారిస్ పిల్ల

ఏలూరు దగ్గర కొవ్వలిలో 1960లో పుట్టిన విజయలక్ష్మి మద్రాసు వెళ్ళి సిల్క్ స్మిత అయింది. ఆమె నల్లటి ఒంటిని సినిమా పత్రికలు నడిమిపేజీల్లో ఎంత అమ్ముకోవాలో అంతా అమ్ముకున్నాయి. ఇల్లాలి పాత్ర అడిగితే ఇచ్చినవాళ్ళు తక్కువ. భారతీరాజా 'సీతాకోకచిలుక' (1981) చూసినవాళ్ళకి తెలుసు, ఆ పాత్ర ఇస్తే ఆమె ఏం చెయ్యగలదో. 1996లో ఆమె పోయింది. 2011లో ఆమె జీవితం ఆధారమని చెప్పుకున్న 'ది డర్టీ పిక్చర్' వచ్చి విద్యా బాలన్‌కి జాతీయ పురస్కారం తెచ్చిపెట్టింది.

దీనికి జోడీ కథ ఒకటి ఉంది. అమెరికాలో పుట్టిన నల్లజాతి నర్తకి జోసెఫిన్ బేకర్ 1926లో పారిస్ వేదిక మీద అరటిపండ్ల గొలుసులు కట్టుకుని ఆడింది. నగరం వెర్రెత్తిపోయింది, పోస్టర్లన్నీ ఆమె ఒళ్ళే. ఆ మనిషే రెండో ప్రపంచయుద్ధంలో హిట్లర్ సేనలకి వ్యతిరేకంగా ఫ్రాన్సు తరపున రహస్య సమాచారం మోసింది. 2021 నవంబరు 30న ఫ్రాన్సు తన మహనీయుల స్మారకమైన పాంథియోన్‌లో ఆమెకి చోటిచ్చింది. అక్కడికి చేరిన మొదటి నల్లజాతి మహిళ ఆమే. కొవ్వలి పిల్లకి ఆ అదృష్టం ఇంకా పట్టలేదు.

'తమ్ముడూ, కాస్త తెల్లగా...'

ఇది ఏ ఊరి ఫోటో స్టూడియోలోనైనా వినపడేదే. పెళ్ళి సంబంధానికి పంపే ఫోటో. పిల్ల స్టూలు మీద నిటారుగా కూర్చుంది. కంప్యూటరు ముందు కుర్రాడు. వెనక నిలబడ్డ తల్లి అంటుంది: 'తమ్ముడూ, మొహం కాస్త తెల్లగా రానీ.' 'ఎంత తెల్లగా పిన్నీ?' 'మరీ తెలిసిపోకుండా.' మౌస్ ఓసారి కదులుతుంది. మెడ దగ్గర ఒక రంగు, చెవి దగ్గర ఇంకో రంగు మిగిలిపోతాయి. చెయ్యి తిరిగినవాడైతే వాటినీ కలిపేస్తాడు. కంప్యూటర్లు రాక ముందు ఈ పని పౌడరుతోనూ, నెగెటివ్ మీద పెన్సిలుతోనూ జరిగేది. రేపు పెళ్ళిచూపులకొచ్చిన వాళ్ళు 'ఫోటోలో తెల్లగా ఉందే' అంటే, ఆ మాట పడేది స్టూడియో కుర్రాడు కాదు, స్టూలు మీద కూర్చున్న పిల్ల.

షిర్లీ కార్డు

ఆ కుర్రాడిని ఒక్కణ్ణే తప్పుపట్టనక్కర్లేదు. రంగుల ఫిల్ము పుట్టుకలోనే ఆ వాలు ఉంది. కోడాక్ కంపెనీ ఫోటో ల్యాబులకి ఒక నమూనా కార్డు పంపేది. దాని మీద తెల్లటి అమ్మాయి బొమ్మ. ఆమె ఒంటిరంగు సరిగ్గా వస్తే ప్రింటు సరిగ్గా వచ్చినట్టు లెక్క. మొదటి కార్డులోని అమ్మాయి పేరు మీద వాటన్నిటికీ 'షిర్లీ కార్డు' అన్న పేరు స్థిరపడింది. తెల్లవాళ్ళ పక్కన నల్లవాళ్ళు నిలబడితే పళ్ళూ కళ్ళూ తప్ప మొహం కనపడేది కాదు.

మరి ఫిల్ము ఎప్పుడు బాగుపడింది? నల్లజాతి తల్లులు పిల్లల స్కూలు ఫోటోలు చూసి బాధపడ్డారని కాదు. చాక్లెట్ కంపెనీలూ, చెక్క సామాన్ల వ్యాపారులూ 'మా సరుకులో గోధుమరంగు ఛాయల తేడా ఫోటోలో రావడం లేదు' అని గొడవ చేశాక! తర్వాత వచ్చిన కొత్త ఫిల్ముకి కోడాక్ చెప్పుకున్న గొప్ప ఏమిటంటే, మసక వెలుతురులో నల్లగుర్రాన్ని కూడా వివరంగా తీస్తుందట. నల్లటి మనిషి మాట ఎత్తడానికి కంపెనీకి నోరు రాలేదు.

ఒక కన్ను మాత్రమే

1966 మార్చి బ్రిటిష్ ఫ్యాషన్ పత్రిక 'వోగ్' అట్ట మీదికి మొదటిసారి నల్లజాతి మోడల్ డోన్యేల్ లూనా వచ్చింది. తీసింది డేవిడ్ బెయిలీ. ఆ బొమ్మలో ఆమె చెయ్యి మొహానికి అడ్డంగా ఉంటుంది. వేళ్ళ సందులోంచి కన్ను కనపడుతుంది. అమెరికన్ 'వోగ్' అట్ట మీద నల్లజాతి మొహం నిండుగా కనపడటానికి 1974 ఆగస్టు దాకా ఆగాల్సి వచ్చింది. ఆ మొహం బెవర్లీ జాన్సన్‌ది. పారిస్ 'వోగ్' ఇంకా మొండి. 1988లో నల్లజాతి మోడల్ నయోమి క్యాంబెల్ కోసం ఫ్యాషన్ దిగ్గజం ఈవ్ సాఁ లొరాఁ 'ఆమెని అట్ట మీద వెయ్యకపోతే నా ప్రకటనలు ఆపేస్తా' అని బెదిరించాక గానీ ఒప్పుకోలేదు.

'నల్లమ్మాయి అట్ట మీదుంటే పత్రిక అమ్ముడుపోదు' అన్నది ఎడిటర్లు వల్లించే పాత పాఠం. 2008 జులైలో ఇటలీ 'వోగ్' సంచికని నల్లజాతి మోడల్స్‌తోనే నింపారు. కాపీలు అయిపోయి మళ్ళీ అచ్చువెయ్యాల్సి వచ్చింది.

అమ్మ సామాను తాకట్టు

వాళ్ళు వెయ్యకపోతే మనమే వేసుకుందాం అనుకున్నవాడు జాన్ హెచ్. జాన్సన్. 1942లో షికాగోలో తల్లి ఇంటిసామాను హామీ పెట్టి 500 డాలర్లు అప్పుతెచ్చి తొలి పత్రిక మొదలెట్టాడు. 1945లో 'ఎబొనీ' వచ్చింది. నల్లజాతి డాక్టర్లు, గాయనులు, పెళ్ళికూతుళ్ళు, గృహిణులు రంగురంగుల పేజీల్లో కనపడసాగారు. 1970లో ప్రత్యేకంగా ఆడవాళ్ళ కోసం 'ఎసెన్స్' వచ్చింది. ఇందులోనూ ఒక మెలిక ఉంది: నల్లవాళ్ళ గౌరవం కోసం పుట్టిన 'ఎబొనీ' పేజీల్లోనే ఒంటిని తెల్లబరిచే క్రీముల ప్రకటనలూ పడేవి. పత్రిక నడవాలంటే ప్రకటనలు కావాలి మరి.

కత్తిరించిన జుట్టు, కడిగిన రంగు

2010 చివర్లో 'ఎల్' ఇండియా సంచిక అట్ట మీద ఐశ్వర్యా రాయ్ ఉన్న రంగు కన్నా తెల్లగా కనపడింది. ప్రపంచసుందరి పోటీల్లో పేరు తెచ్చుకున్న ఆమె రంగే చాలలేదంటే, నాగాయలంక పిల్లకి ఇంకెక్కడ చాలుతుంది? 2015లో అమెరికాలో 'ఇన్‌స్టయిల్' అట్ట మీద నటి కెర్రీ వాషింగ్టన్ తెల్లబడింది. అది లైటింగ్ వల్లేనని పత్రిక సంజాయిషీ. 2017లో బ్రిటన్ 'గ్రాజియా' ఆస్కార్ నటి లుపీటా న్యోంగో చిక్కటి ఉంగరాల జుట్టుని ఫోటోలోంచి చెరిపేసింది. లుపీటా ఊరుకోలేదు. అసలు ఫోటోనీ అచ్చయిన ఫోటోనీ పక్కపక్కన పెట్టి లోకానికి చూపించింది. పత్రికా, ఫోటోగ్రాఫరూ క్షమాపణ చెప్పారు.

కెమెరా చేతులు మారితే చాలా?

1892లో పుట్టిన అమెరికన్ 'వోగ్'కి అట్టఫోటో తీసిన మొదటి నల్లజాతి ఫోటోగ్రాఫర్ టైలర్ మిచెల్. సంవత్సరం 2018, ఎదుట ఉన్నది గాయని బియాన్సే. ఆ బొమ్మకి ప్రశంసలే ప్రశంసలు. 2021లో కమలా హారిస్‌ని తీసిందీ ఆయనే. అట్ట బయటికొచ్చాక మాత్రం 'కాబోయే ఉపాధ్యక్షురాలిని ఇంత నాసిగా చూపిస్తారా' అని గోల. నీలం కోటులో హుందాగా ఉన్న మరో ఫోటో కూడా ఆయన తీసిందే ఉంది. అట్టకి ఎంచుకున్నది మాత్రం క్యాన్వాస్ బూట్లతో ఉన్నది. తర్వాత ఆ నీలం కోటు ఫోటోతో ప్రత్యేక ప్రతులు వేశారు. మీట నొక్కేవాడు ఒకడు, ఫోటో ఎంచేవాడు ఇంకొకడు. పత్రికల్లో రెండోవాడిదే పెత్తనం.

నీనా దావులూరికి రెండు వైపులా దెబ్బలు

మిస్ అమెరికా పోటీలకి ఒకప్పుడు ఏడో నిబంధన ఉండేది: పోటీదారు ఆరోగ్యవంతురాలు, తెల్లజాతికి చెందినది అయ్యుండాలని. ఆ కిరీటం మొదటిసారి నల్లజాతి అమ్మాయికి దక్కింది 1983 సెప్టెంబరులో. ఆమె వెనెస్సా విలియమ్స్. చంపేస్తామని బెదిరింపులొచ్చాయి. ఆమె నగ్నచిత్రాలు ఒక పత్రిక అచ్చువెయ్యబోవడంతో గడువుకి ముందే రాజీనామా చేయించారు. 2015లో పోటీ నిర్వాహకులు అదే వేదిక మీద ఆమెకి బహిరంగంగా క్షమాపణ చెప్పారు.

సరిగ్గా ముప్పై ఏళ్ళకి, 2013 సెప్టెంబరు 15న ఆ కిరీటం మన తెలుగమ్మాయికి వచ్చింది. నీనా దావులూరి తల్లిదండ్రులు విజయవాడ నుంచి వెళ్ళినవాళ్ళు. కూచిపూడి, భరతనాట్యం నేర్చుకుంది. పోటీలో బాలీవుడ్ పాటకి శాస్త్రీయ నృత్యం కలిపి ఆడింది. ఆ రాత్రే అమెరికాలో కొందరు ట్విట్టరెక్కి 'అరబ్బు పిల్లకి కిరీటమా' అని తిట్టారు. తెల్లారేసరికి ఇండియాలో ఇంకో చర్చ: ఇంత నల్లటి అమ్మాయి ఇక్కడ మిస్ ఇండియా పోటీలో గెలుస్తుందా? అక్కడ పరాయిదని తోశారు, ఇక్కడ రంగు తక్కువని పెదవి విరిచారు. ఆమె మాత్రం ఆ ప్రశ్నని వదల్లేదు. తర్వాత ఒంటిరంగు వివక్ష మీదే 'కాంప్లెక్షన్' అని డాక్యుమెంటరీ తీసింది. తెలుపు క్రీములు ఆపమని కంపెనీలకి బహిరంగంగా రాసింది.

దివిసీమ సేనాని, నల్లరాతి నాట్యకత్తెలు

2025లో మిస్ వరల్డ్ పోటీలు హైదరాబాదులో జరిగాయి. మే 31న హైటెక్స్‌లో థాయ్‌లాండ్ అమ్మాయి ఓపల్ సుచాత గెలిచింది. రెండో స్థానం ఇథియోపియా అమ్మాయి హాసెట్ డెరెజెది. ఫైనల్‌కి ముందు పోటీదారుల్ని రామప్ప గుడికి తీసుకెళ్ళారు. 1213 నాటి ఆ గుడి చూరు కింద నిలబడ్డ నాట్యకత్తెల శిల్పాలు నిగనిగలాడే నల్లరాతివి. కాకతీయుల శిల్పి అందానికి ఎంచుకున్న రాయి రంగు అది.

ఇందులో మన వాటా ఒకటుంది. ఆ కాలపు నాట్యశాస్త్ర గ్రంథం 'నృత్తరత్నావళి' రాసిన జాయప సేనాని దివిసీమ ఏలిన అయ్య వంశం వాడు. గణపతిదేవుడు దివిని గెలిచి, జాయప అక్కచెల్లెళ్ళు నారాంబ, పేరాంబలని పెళ్ళాడి, జాయపని తన గజసేనానిగా పెట్టుకున్నాడు. రామప్ప శిల్పాల భంగిమల్ని పండితులు పోల్చి చూసుకునేది ఆ పుస్తకంతోనే.

చట్టం కట్టమన్న గుడ్డ

1786లో అమెరికాలోని లూసియానా స్పెయిన్ ఏలుబడిలో ఉండేది. అక్కడి స్వేచ్ఛ పొందిన నల్లజాతి ఆడవాళ్ళ కేశాలంకారాలు చూసి తెల్లదొరసానులకి కడుపుమంట. గవర్నర్ మీరో ఉత్తర్వు వేశాడు: వీళ్ళు జుట్టు కనపడకుండా తలగుడ్డ కట్టుకోవాలని. కట్టుకున్నారు. మామూలుగా కాదు, ముదురు రంగుల గళ్ళ రుమాళ్ళతో, ముడి మీద ముడి వేసి, నగలు గుచ్చి. అణచడానికి వేసిన చట్టం కాస్తా ఫ్యాషనైంది. తర్వాత తెల్లదొరసానులూ కట్టారు.

ఆ గళ్ళ గుడ్డ వెళ్ళింది మన కోరమాండల్ తీరం నుంచి. అప్పటి ఫ్రెంచి వర్తకుల సరుకుల్లో 'మసూలిపట్నం (బందరు) రుమాలు' పేరున్నది. మద్రాసు రుమాలుగా పేరుపడ్డ గళ్ళ గుడ్డని చీరాల నేతగాళ్ళు నిన్నమొన్నటి దాకా పశ్చిమాఫ్రికాకి నేసి పంపారు. నైజర్ నది డెల్టాలో కలబరి ఆడవాళ్ళు ఆ గుడ్డని ఉన్నదున్నట్టు కట్టరు. కత్తిమొనతో ఒక్కో దారం కోసి లాగేసి, గళ్ళలోంచి తమ సొంత నమూనా తీస్తారు. కృష్ణా డెల్టా పక్క నేత, నైజర్ డెల్టా కోత.

మినియాపోలిస్ నుంచి కిరాణాకొట్టు దాకా

1975లో మొదలైన 'ఫెయిర్ అండ్ లవ్లీ' సాషే దొరకని కిరాణాకొట్టు తీరాంధ్రలో ఉండేది కాదు. ప్రకటనల్లో కథ ఒకటే: నల్లమ్మాయి, దిగులు, క్రీము, ఉద్యోగం లేదా పెళ్ళి. నల్లగా ఉన్నవాళ్ళని దిగులుగా, అందవిహీనంగా చూపించొద్దని ప్రకటనల ప్రమాణాల మండలి 2014లో నియమాలు పెట్టింది. కథ కొంచెం మారింది, క్రీము మారలేదు. 2020 మే 25న మినియాపోలిస్‌లో పోలీసు మోకాలి కింద నల్లజాతీయుడు జార్జ్ ఫ్లాయిడ్ ఊపిరి ఆగింది. ప్రపంచమంతా ఊరేగింపులు. జులై నాటికి ఆ క్రీము పేరు 'గ్లో అండ్ లవ్లీ' అయింది. గులాబీ రంగు ట్యూబు మాత్రం అదే.

ఆ క్రీముల సొమ్ము ఎంత పెద్దదో చెప్పే ముచ్చట ఇంకొకటి. 'ఫిదా' (2017) భానుమతిగా మేకప్ దాదాపు లేకుండా మెప్పించిన సాయిపల్లవి ఒక తెలుపు క్రీము ప్రకటన వద్దంది. ఇస్తామన్నది రెండు కోట్లని 2019లో పత్రికలు రాశాయి. తెనాలిలో పుట్టిన నటి శోభితా ధూళిపాళ తొలినాళ్ళ ప్రకటనల ఆడిషన్లలో 'నువ్వు అంత తెల్లగా లేవు' అనిపించుకున్నానని తనే చెప్పుకుంది. ఒకరు తెలుపు అమ్మనన్నారు, ఒకరికి తెలుపు లేదన్నారు.

రూపం ఊసెత్తని పుస్తకం

కృష్ణా జిల్లాలోనే పుట్టిన భండారు అచ్చమాంబ 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' అచ్చువేసింది. దేశంలోని విదుషీమణులు, రాణులు, కవయిత్రుల జీవితాలు కథలుగా రాసింది. మరుసటి ఏడు బందరులో బృందావన స్త్రీ సమాజం పెట్టడంలో ఆమెది ముఖ్యమైన చెయ్యి. ఆమె లెక్కకి తీసుకున్నవి చదువు, ధైర్యం, పాలన. దాదాపు వందేళ్ళ తర్వాత గోగు శ్యామల దళిత స్త్రీల రచనలు 1921 నుంచి 2002 వరకు ఏరి ఒక సంకలనం చేసింది. దాని పేరు 'నల్లపొద్దు'. ఈ రెంటికీ అట్ట మీద అందగత్తె అవసరం పడలేదు.

భాగ్యలక్ష్మి

1950ల తెలుగు తెర హీరో అమరనాథ్. ఆయన కొడుకు రాజేష్ నటుడు, కూతురు శ్రీలక్ష్మి మనందరికీ తెలిసిన హాస్యనటి. రాజేష్ కూతురు ఐశ్వర్య చిన్నప్పుడు 'రాంబంటు'లో బాలనటి. చెన్నైలో పెరిగింది. ఆమెకి ఎనిమిదేళ్ళప్పుడు తండ్రి పోయాడు. చిన్న చిన్న ఉద్యోగాలు చేసింది. నల్లగా ఉన్నావు, హీరోయిన్‌కి పనికిరావు, హీరోయిన్ స్నేహితురాలి వేషం ఇస్తాం అని తమిళ దర్శకులు మొహం మీదే అన్న సంగతి 2020లో ఒక వేదిక మీద నవ్వుతూ చెప్పింది. ఆ ఐశ్వర్యా రాజేష్ 2025 జనవరిలో 'సంక్రాంతికి వస్తున్నాం'లో వెంకటేష్ భార్య భాగ్యలక్ష్మి. గడుసు పెళ్ళాం, గోదావరి యాస, మొగుడి పాత ప్రేయసి మీద అనుమానం. దర్శకుడు అనిల్ రావిపూడి రాసుకున్న గొడవలన్నీ ఇవే. అత్తగారి ఈసడింపు లేదు, తెల్లబడే కల లేదు, నల్లరంగు డబ్బా లేదు. రంగు మీద ఒక్క సీనూ పెట్టకుండానే ఆ పండక్కి కృష్ణా జిల్లా హాళ్ళ ముందు హౌస్‌ఫుల్ బోర్డులు పడ్డాయి. నల్లమ్మాయి ఉంటే సినిమా ఆడదన్న నిర్మాత ఎవరైనా ఇంకా మిగిలుంటే, ఆ ఏడాది లెక్కల పుస్తకం తెరిచి చూసుకోవచ్చు.